అదనపు పని – తగిన మజూరీ

పాతనగరమున నెలజీతము లేక, తమ చేతిపనినే నమ్ముకొని జీవించువారు అనేకులు కలరు. లాడ్ బజారుకు లక్క గాజులు చేయువారు, షేర్వానీలు కుట్టు దర్జీలు, కార్చోబీ పనివారు, ఛత్తా బజారులో పెండ్లి పత్రికలు అచ్చువేయువారు ఇట్టివారే. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడును గాని మజూరీని నిర్ణయింపదు. ఆ భారము పనివానిదే. మనలో పలువురము ఇట్టి ఇండ్లనుండి వచ్చినవారమే. కావున, ఎక్కువ పని కోరి తక్కువ సొమ్ము ఇవ్వజూచు గిరాకీతో ఎట్లు వ్యవహరింపవలెనో ఆలోచింతము.

నష్టము ఎచ్చట కలుగును?

ఒక ఉదాహరణము తీసుకొందము. షేర్వానీ కాలరుకును, ముంజేతులకును కార్చోబీ పని ఒప్పుకొంటిమి. దినమునకు 600 రూపాయల వంతున ఆరు దినములకు మజూరీ 3,600 రూపాయలు. గుడ్డను చట్రమున బిగించి పని ఆరంభించిన పిమ్మట గిరాకీ వచ్చి, "ఎట్లాగూ చట్రం మీదనే ఉంది కదా ఉస్తాద్, ఛాతీ మీద కూడా నాలుగు బూటాలు వేయండి" అనును. మనము మొగమాటముతో తల యూపుదుము. అది రెండు దినముల పని. ఇప్పుడు ఎనిమిది దినములకు అదే 3,600 రూపాయలు, అనగా దినమునకు 450 మాత్రమే. ధర తగ్గించుమని ఎవ్వరును అడుగలేదు. అయినను 150 రూపాయలు తగ్గినవి.

పాటింపవలసిన పద్ధతులు

1. అదనపు పని అడిగిన క్షణముననే దాని ధర చెప్పవలెను. "తప్పక వేస్తాము సాహెబ్. రెండు దినాలు పడుతుంది, 1,200 అవుతుంది. వేయమంటారా?" అనిన చాలును. ఇందు కోపము లేదు, కాదనుట లేదు. పని ముగిసిన పిదప అడిగినచో అదే మాట తగవుగా మారును.

2. గిరాకీ వద్ద సొమ్ము చాలనిచో పనిని తగ్గింపవలెనే గాని దినపు లెక్కను తగ్గింపరాదు. "ఛాతీ మీద వేసి ముంజేతులపై మానుదుమా?" అని అడుగవచ్చును.

3. ఆరంభమునకు ముందే పర్చీ వ్రాయవలెను: ఏ పని, సరుకు ఎవరిది, ఎన్ని దినములు, మజూరీ ఎంత, బయానా ఎంత. పెండ్లి పత్రికలో అచ్చువారి తప్పును ఉచితముగా దిద్దవలెను. ప్రూఫు ఒప్పుకొన్న పిమ్మట గిరాకీ తేదీ మార్చినచో దానికి వేరుగా సొమ్ము తీసుకొనవలెను. ఈ భేదమును ముందే చెప్పవలెను.

4. బంధువులకు తగ్గింపదలచినచో పూర్తి ధర వ్రాసి, దాని క్రింద తగ్గింపును వేరుగా చూపవలెను. అప్పుడది మన ప్రేమకు గుర్తుగా నిలుచును; లేనిచో అదే మన ధరగా ప్రచారమగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, మనకు అప్పగించిన వస్తువుపై శ్రమతోగాని నైపుణ్యముతోగాని ఒప్పుకొన్న పనిని పూర్తి చేసినచో, ఆ పనికి రావలసిన మజూరీ ముట్టువరకు వస్తువును మనయొద్ద ఉంచుకొనవచ్చును. అయితే ఆ చట్టమే దర్జీ ఉదాహరణముతో ఒక హెచ్చరిక చేయుచున్నది: కోటు కుట్టగనే ఇచ్చెదననియు, సొమ్మునకు మూడు నెలల గడువు ఇచ్చెదననియు మాట ఇచ్చిన దర్జీకి కోటును ఆపు హక్కు లేదు. కావున అరువు మాట ఇచ్చునపుడు జాగ్రత్త వహింపవలెను. సొమ్మునకు గడువు నిర్ణయింపని పనికి, పని ముగిసిన నాటినుండి మూడేండ్లలోగా దావా వేయవచ్చునని 1963 నాటి లిమిటేషను చట్టము చెప్పుచున్నది.

ముగింపు

"కాదంటే గిరాకీ పక్క సందుకు పోవును" అను భయము నిరాధారము కాదు. పెండ్లిండ్లు లేని నెలలో ఇంటి అద్దె గుర్తుకు వచ్చినపుడు ఎంతటి ఉస్తాదుకైనను ధైర్యము సడలును. అయితే పక్క సందులోని పనివానికిని అదే భయము కలదు. ఒకరిని చూచి ఒకరు తగ్గించుకొన్నచో ఉభయులును నష్టపోవుదురు. 1972లో ఇలా భట్ అహమ్మదాబాదులో స్వయముగా పని చేసుకొను స్త్రీలను 'సేవా' సంఘముగా కూర్చిరి. మన సందులలోని పదిమంది కూర్చుండి దినపు లెక్కను ఒక్కటిగా నిర్ణయించుకొనుట అసాధ్యము కాదు. లెక్క నేర్చిన మనము ఈ సెలవులలో మన యింటివారికి ఒక పర్చీ పుస్తకము కుట్టి ఇచ్చినను, మన చదువు వారికి అక్కరకు వచ్చినట్లే.