పేర్ల వెనుక మనుషులు

ఆంగ్ల భాషలో మిక్కిలి దట్టమైన చీకటిని వర్ణించడానికి 'సిమ్మేరియన్' అనే విశేషణం ఉంది. ఈ మాట ఒక ప్రాచీన జాతి పేరు నుండి పుట్టింది. ఒక జాతి పేరుకు చీకటి అనే అర్థం ఎలా వచ్చిందో తెలుసుకుందాం.

గ్రీకు మహాకవి హోమరు పేర ప్రసిద్ధమైన 'ఒడిస్సీ' కావ్యంలో పదకొండవ భాగం ఒక సముద్రయానంతో మొదలవుతుంది. కథానాయకుడైన ఒడిస్యూస్ మృతుల లోకాన్ని వెతుకుతూ సముద్రపు అంచు దాకా ఓడలో వెళతాడు. అక్కడ కిమ్మేరియులు అనే ప్రజల పట్టణం ఉంటుంది. అది ఎప్పుడూ మంచుతో, మబ్బులతో కప్పబడి ఉంటుంది. సూర్యుడు వారివైపు ఏనాడూ చూడడు. ఈ వర్ణనను బట్టి తరువాతివారు కటిక చీకటికి ఆ ప్రజల పేరునే వాడసాగారు. ఆ మాట లాటిన్ ద్వారా ఆంగ్లంలో ప్రవేశించి 'సిమ్మేరియన్' అయింది.

చరిత్రలో కూడా కిమ్మేరియులు ఉన్నారు. వారు నల్ల సముద్రానికి ఉత్తరాన, కాకసస్ పర్వతాల పరిసరాలలో సంచరించిన ఆశ్విక యోధులు. అస్సీరియా రాజుల కాలపు మట్టిపలకల మీద వారి పేరు 'గిమిర్రి' అని కనబడుతుంది. క్రీ.పూ. 714 ప్రాంతంలో వారు ఉరార్తు రాజును ఓడించారు. తరువాత లిడియా రాజు గైజిస్ వారితో జరిగిన యుద్ధంలో మరణించాడు. ఆరుబయట గడ్డిమైదానాలలో గుర్రాల మీద తిరిగిన ఈ ప్రజలకు ఎండ కొరత ఏమీ లేదు. అయినా దూరాన ఉన్నవారు అల్లిన కథ వల్ల వారి పేరు చీకటికి మారుపేరుగా మిగిలిపోయింది.

ఇటువంటి మాటలు మన భాషలోనూ ఉన్నాయి. మిక్కిలి క్రూరమైన పనిని మనం 'కిరాతకం' అంటాము. కిరాతులు హిమాలయ ప్రాంతంలో నివసించిన ప్రాచీన ప్రజలు. వేదవాఙ్మయంలోనూ, మహాభారతంలోనూ వారి ప్రస్తావన ఉంది. అర్జునుని పరీక్షించడానికి శివుడు ధరించినది కిరాతవేషమే. నేపాలులో రాయి, లింబు మొదలైన జాతులవారు తమను కిరాతులమని నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. వారు గౌరవంగా చెప్పుకునే పేరు మన నోట నిందగా మారింది. 'ఆటవికం' అనే మాట కూడా అంతే. దాని అసలు అర్థం అడవికి సంబంధించినది అని మాత్రమే.

ఇప్పుడు మన చుట్టూ చూద్దాం. పద్మపూర్, గుణుపురం ప్రాంతాల కొండల మీద సవరలు నివసిస్తున్నారు. సంస్కృత గ్రంథాలలో శబరులుగా చెప్పబడిన ప్రజలు వీరి పూర్వులేనని పలువురి అభిప్రాయం. కొండ వాలులో మెట్లు మెట్లుగా పొలాలు మలచి, రాళ్లతో గట్లు కట్టి, ఊటనీటిని మడి నుండి మడికి పారించడం సవరలకు తరతరాలుగా వచ్చిన విద్య. ఇంటి గోడల మీద వారు వేసే 'ఇడితాల్' చిత్రాలు ప్రసిద్ధమైనవి. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. వారి ఇరుగుపొరుగున ఉండే కొంధుల కుయి, కువి భాషలు మాత్రం తెలుగువలె ద్రావిడ భాషలు.

సవరలను దూరం నుండి చూసి ఊరుకోక, దగ్గరకు వెళ్లి తెలుసుకున్న తెలుగువాడు గిడుగు వేంకట రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న జన్మించాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, తెలుగు తెలిసిన ఒక సవరను ఆశ్రయించి వారి భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. లిపి లేని భాషకు నియమాలు ఉండవని తలచేవారికి ఈ గ్రంథాలే సమాధానం. 1936లో మంగెయి గొమాంగొ తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు.

శబర అనే పేరు మన సాహిత్యంలో రెండు విధాలుగా వినబడుతుంది. కొన్నిచోట్ల అది అనాగరికుణ్ణి సూచిస్తుంది. కాని రామునికి ప్రేమతో పండ్లు పెట్టిన భక్తురాలు శబరి పేరు వినగానే మనకు గౌరవం కలుగుతుంది. కోరాపుట్ కొండలలో కొలాబ్‌గా పుట్టిన నది దిగువన శబరి అనే పేరుతో ప్రవహించి, కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది.

మరొక ముఖ్య విషయం ఉంది. ఐతరేయ బ్రాహ్మణం అనే వేదగ్రంథంలో శునశ్శేపుని కథ వస్తుంది. తండ్రి మాట వినని విశ్వామిత్రుని కుమారులు శాపగ్రస్తులై పొలిమేరలలో నివసించే జాతులయ్యారని ఆ కథ చెబుతుంది. ఆ జాతులలో శబరులు, పుళిందులు, పుండ్రులు ఉన్నారు. ఆంధ్రుల పేరూ ఆ వరుసలోనే ఉంది. అంటే, ఆ గ్రంథం చెప్పినవారి దృష్టిలో ఆంధ్రులూ, శబరులూ ఒకే వరుసలోని బయటివారు. తరువాతి కాలంలో ఆంధ్రులకు రాజ్యాలు, కావ్యాలు, శాసనాలు కలిగాయి. వాటితో ఆ పేరుకు గౌరవం వచ్చింది. పేరు మారలేదు, చూసేవారి చూపు మారింది.

పొరుగు రాష్ట్రంలో ఉండి తెలుగు చదువుకునే మీకు, మన భాషనూ మన పేరునూ ఇతరులు సరిగా పలకాలనే కోరిక సహజం. ఆ కోరిక సవరకూ ఉంటుంది, కొంధుకూ ఉంటుంది. కనుక ఒక జాతి పేరును తిట్టుగా వాడే ముందు, ఆ పేరు గల మనుషులు మన పక్కనే ఉన్నారని గుర్తుంచుకోవాలి.

ఆలోచించి రాయండి

1. కిమ్మేరియుల పేరుకు చీకటి అనే అర్థం ఎలా వచ్చింది? చరిత్రలో వారు ఎటువంటివారు?
2. 'కిరాతకం' అనే మాటకు బదులుగా వాడదగిన మాటలు మూడు చెప్పండి.
3. సవర భాషకు గిడుగు రామమూర్తి చేసిన సేవను మీ మాటలలో రాయండి.
4. మీ ఊరిలో ఉన్న జాతులు తమను తాము ఏమని పిలుచుకుంటారో వారినే అడిగి తెలుసుకుని, ఆ పేర్లను రాయండి.