సినిమా సందేహాలు - సమాధానాలు: ఏ జట్టులోనూ కలవని పిల్లలు

ప్రశ్న: నేను పదో తరగతి. మా క్లాసుల అందరు ఒక జట్టు, నేనొక్కణ్ణి ఒక దిక్కు. ఇంటర్వెల్‌ల గోడ పక్కన కూసోని బొమ్మలు గీస్తుంటా. నా అసొంటి పిలగాని మీద తెలుగుల సినిమా ఉన్నదా సార్?
- ఒక విద్యార్థి, నిజాంసాగర్

జవాబు: ఉన్నాయి తమ్ముడూ, కానీ చాలా తక్కువ. మన హీరో చిన్నప్పుడు పరుగు మొదలుపెడతాడు, అదే పరుగులో మరుసటి షాట్‌కి మీసాలు వచ్చేస్తాయి. నీ వయసంతా ఆ కత్తిరింపులోనే పోతుంది. ఒకవేళ మిగిలినా ‘చిత్రం’ (2000), ‘కొత్త బంగారు లోకం’ (2008)లా ప్రేమలో పడాల్సిందే. బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటానంటే మన కథకులకు కాళ్లూ చేతులూ ఆడవు.

ముందు ‘35 చిన్న కథ కాదు’ (2024) చూడు. సున్నాకు విలువ లేదన్నప్పుడు, ఒకటి పక్కన పెడితే పది ఎలా అయిందని తిరుపతి పిల్లాడు అరుణ్ అడుగుతాడు. మంచి ప్రశ్నే కదా! లెక్కల మాస్టారు మాత్రం వాణ్ణే ‘జీరో’ అని పిలుస్తాడు. అరుణ్ నీకన్నా చిన్నవాడే, అయినా ఆ పిలుపు ఎక్కడ తగులుతుందో నీకు తెలుస్తుంది.

ఆ తర్వాత నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా ‘ఫండ్రీ’ (2013). మీకు మహారాష్ట్ర ఎంతో దూరం కాదు, ఆ భాష చెవిన పడే ఉంటుంది. అందులో పిల్లాడు జబ్యా. వాడి ఇంటివాళ్లను ఊరు పందులు పట్టే పనికి పురమాయిస్తుంది. పట్టేది బడి దగ్గర. క్లాసు పిల్లలు చూసి నవ్వుతుంటే వాడు దాక్కుంటాడు. పంది చేతికి చిక్కబోయే వేళకు బడిలో జనగణమన మొదలవుతుంది. జబ్యా కుటుంబమంతా నిటారుగా నిలబడిపోతుంది, పంది దర్జాగా వెళ్లిపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇలాంటి సీను మన తెలుగులో ఇంకా రాలేదనే నా అభిప్రాయం. చివర్లో జబ్యా విసిరే రాయి సూటిగా మనమీదికే వస్తుంది.

ప్రశ్న: మా బాబు ‘ఉడాన్’ అనే హిందీ సినిమా చూస్తానంటున్నాడు. తండ్రిని ఎదిరించే కథ అని విన్నాను. చూడనివ్వచ్చా?
- ఒక తల్లి, బాన్సువాడ

జవాబు: చూడనివ్వండమ్మా, మీరూ పక్కన కూర్చోండి. విక్రమాదిత్య మోత్వానే 2010లో తీశాడు. సిమ్లా హాస్టల్ నుంచి గెంటేసిన రోహన్ జంషెడ్‌పూర్‌లో తండ్రి దగ్గరికి చేరతాడు. వాడికి రచయిత కావాలని, తండ్రికి కొడుకు ఇంజినీరు కావాలని. ఆ ఇంట్లో నాన్నను ‘సర్’ అనాలి, పొద్దున్నే ఆయనతో పరుగెత్తాలి. సిగరెట్లూ మందూ ఉన్నాయి, దెబ్బలూ ఉన్నాయి. మీకు భయం వేసేది వాటికే అయితే ఆ భయం సబబే. కానీ తండ్రిని ఎదిరించడం మీ బాబు ఆ సినిమా చూసి నేర్చుకోడు. వీలైతే వాళ్ల నాన్నగారినీ కూర్చోబెట్టండి. ఆయన మధ్యలో లేచి వెళ్లిపోతే, ఎక్కడ లేచారో గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మా బాన్సువాడల తీసిన ‘ఫిదా’ ఈ లెక్కలకు వస్తదా?
- ఒక పాఠకురాలు, పిట్లం

జవాబు: సగం వస్తుంది. కథానాయిక భానుమతి టీనేజీ దాటిన పిల్ల. అయితే పెళ్లంటే ఇల్లు వదలాల్సింది ఆడపిల్లే అన్న లెక్కకు ఆమె ఒప్పుకోదు, చివరికి అబ్బాయే అమెరికా వదిలి వస్తాడు. 2017లో శేఖర్ కమ్ముల చేసిన ఆ పనికి పూర్తి మార్కులు. నాకు మింగుడుపడనిది ఒకటే. ఆమె దూకుడును ఊరంతా ముద్దుచేస్తుంది. నిజం బాన్సువాడలో నాలుగు మాటలు పడేవి కావా, మీరే చెప్పండి.

ప్రశ్న: ఫోన్‌తోని మా ఊరి పిల్లల మీద సినిమా తీయాలని ఉన్నది. డ్యాం మీద షూటింగ్ చేయనిస్తరా?
- ఒక ఇంటర్ విద్యార్థి, నిజాంసాగర్

జవాబు: నీటిపారుదల శాఖ అధికారులను అడగాలి, అడగకుండా కట్ట ఎక్కకు. అసలు నీ కథకు డ్యాం ఎందుకు? మంజీర మీద 1931లో పూర్తయిన ఆ కట్టను ఇప్పటికే వేలమంది ఫోన్లలో నింపుకున్నారు. అస్సాంలో రీమా దాస్ తన సొంత ఊరి పిల్లలతోనే ‘విలేజ్ రాక్‌స్టార్స్’ (2017) తీసింది. రాతా, కెమెరా, ఎడిటింగ్ అన్నీ తనవే. జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. అందులో పిల్లలు వాయించేది థర్మాకోల్ గిటార్లు. నువ్వు ముందు చూసుకోవాల్సింది మాట. ఫోన్ మైకులో గాలి హోరు తప్ప డైలాగు వినపడదు. ఇంకో ఫోన్‌ను మాట్లాడేవాడి జేబులో పెట్టి విడిగా రికార్డు చేయి, ప్రతి షాటుకీ మొదట ఒక చప్పట కొట్టించు, తర్వాత రెండూ కలపడానికి అదే గుర్తు.