రాముడు రసీదు తీసుకున్నాడు

గోల్కొండ వీడియోలో రామదాసు బందీఖానా చూపించాను కదా. గోడ మీద ఆయనే చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల బొమ్మలు, ఆంజనేయస్వామి... అక్కడ ఒక మాట చెప్పాలనుకుని కెమెరా ముందు నోరు రాక ఊరుకున్నా. ఇక్కడ రాస్తున్నా.

పోయిన ఏడాది ఆఫీసులో ఒక రిలీజ్ ముందు రాత్రి. నా వంతు టెస్టులు 40. అయినవి 26. మా లీడ్ ఫోన్ చేసి, "తమ్ముడూ, మిగతావి కూడా పాస్ అని పెట్టేయ్, సోమవారం చూసుకుందాం, అందరూ చేసేదే" అన్నాడు. మనిషి మంచోడే. నేను పెట్టేశాను. ఏమీ కూలిపోలేదు. సోమవారం కూడా ఎవరూ వాటి ఊసెత్తలేదు. పట్టుబడి ఉంటే నాలుగు తిట్లు తిని మర్చిపోయేవాణ్ని. పట్టుబడలేదు కాబట్టి నాకు నేనే సర్దిచెప్పుకున్నా: నా జేబులో వేసుకున్నానా? టీమ్ కోసమే కదా!

బందీఖానాలో నిలబడ్డప్పుడు తట్టింది, కంచర్ల గోపన్న కూడా తన జేబులో వేసుకోలేదు. పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన శిస్తు డబ్బు భద్రాచలం గుడికి పెట్టాడు. రాముడి కోసం! అంతకంటే మంచి కారణం ఏముంటుంది? అయినా తానీషా లెక్క అడిగాడు. ఆరు లక్షల వరహాలు అని మనవాళ్లు చెప్పుకుంటారు. ఖజానా సొమ్ము ఖజానాదే.

మా ఛత్రినాక నుంచి హరిబౌలి దగ్గరే. అక్కడి అక్కన్న మాదన్న గుడి మీలో చాలామందికి బోనాలప్పుడు ఏనుగు మీద వచ్చే ఘటంతోనే తెలుసు. ఆ అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. మాదన్న అంటే తానీషా కొలువులో ప్రధానమంత్రి. ఇంట్లో అంత పలుకుబడి పెట్టుకుని కూడా గోపన్న దాదాపు పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు. మనమేమో చిన్న చలానాకి కూడా తెలిసినవాళ్ల నంబర్ వెతుకుతాం.

ఆ జైల్లో ఆయన పాడిన కీర్తనల్లో ఒకటుంది, ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వరహాలయ్యాయో రాముడికే లెక్క చెప్తాడు. కోపంగా, ఏడుస్తూ చెప్తాడు. కానీ లెక్క దాచడు. నాకు ఆ కీర్తన భక్తి పాట ఎంతో, ఆడిట్ కూడా అంతే.

ఇక విడుదల కథ. ఇది చరిత్ర కాగితాల్లో దొరికేది కాదు, భక్తులు చెప్పుకునేది. కృష్ణుడు పుట్టిన రాత్రి వసుదేవుడి సంకెళ్లు ఊడిపోయాయి, తలుపులు తెరుచుకున్నాయి. రాముడికి గోల్కొండ తాళం ఒక లెక్కా? కానీ ఆయన అలా చేయలేదు. తమ్ముడితో కలిసి రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి, తానీషాకి బాకీ మొత్తం కట్టి, చెల్లు రసీదు రాయించుకున్నాడు. భక్తుడి మీద ప్రేమ ఉంది కదా అని బాకీ కొట్టేయలేదు. కట్టాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో, రసీదు దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

తర్వాతి రిలీజ్‌కి మళ్లీ అదే ఫోన్. ఈసారి పదకొండు మిగిలాయి. "అన్నా, ఎన్ని అయ్యాయో అన్నే పెడతా, మిగతావాటికి రేపు మధ్యాహ్నం దాకా టైమ్ కావాలి" అన్నాను. (మీకూ ఈ పరిస్థితి వస్తే ఇంతే చాలు. ధర్మం గురించి లెక్చర్ ఇవ్వకండి, అవతలివాళ్లకి కాలుతుంది.) ఫోన్‌లో కాసేపు మాట లేదు. ఆ తర్వాత పాత పద్నాలుగు సంగతి కూడా చెప్పాను. "అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్" అని నిజంగానే కోప్పడ్డాడు. శని, ఆదివారాలు కూర్చుని ఆ పద్నాలుగూ రన్ చేశా. రెండు ఫెయిల్.

ఆ ఏడాది రేటింగ్ ఒక మెట్టు తగ్గింది, హైక్ కూడా. బైక్ మార్చుదామనుకున్నది ఆగింది. అమ్మకి కారణం చెప్పాల్సొచ్చింది. మొత్తం విని, "మరి మొదట్ల ఎందుకు పెట్టినవ్ రా?" అని ఒక్కటే అడిగింది. నేను ప్లేటు తీసుకుని లోపలికి పోయా.