టెంక సంగతి మరిచిపోకు

గాజువాక

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవించి రాసేది. మీ పెదనాన్నకి మోకాళ్ళ నొప్పులు మామూలే. వద్దంటే వినరు, రోజుకి పదిసార్లు మేడ ఎక్కి దిగుతూనే ఉంటారు.

మీ అమ్మ ఫోన్లో ఒక మాట చెప్పింది. మీ ఆఫీసు పనిమీద వచ్చిన జర్మనీ వాళ్ళిద్దరినీ ఆదివారం భోజనానికి పిలిచావట. బాగుంది. వాళ్ళకి ఆవకాయ పెట్టి, మొహాలు కందగడ్డలవుతుంటే మీ స్నేహితులు వీడియో తీస్తారట. ఇది మాత్రం బాగాలేదు. ఇంటికి పిలిచి ఏడిపించడం మన ఇంటావంటా లేదమ్మా. ఆ ఆలోచన నీది కాదని నాకు తెలుసు. ఎవరో అనుంటారు, నువ్వు నవ్వి ఊరుకునుంటావు. అలా ఊరుకోవద్దనే ఈ ఉత్తరం.

ముందు ఆవాలు, నువ్వులు పడతాయో లేదో వాళ్ళని అడుగు. ఐరోపాలో పొట్లం కట్టి అమ్మే తిండి మీద, కొందరికి పడని సరుకులు ఉంటే రాసి తీరాలి. ఆ జాబితాలో ఉన్నవి 14, వాటిలో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. మన జాడీలో ఆ రెండే కదా ముఖ్యం! పడనివాళ్ళకి దద్దుర్లతో పోదు, ఒక్కోసారి ఊపిరాడదు. పడదన్నారా, జాడీ బల్ల మీదికే తేకు. ముద్దపప్పు, నెయ్యి, అప్పడంతో సరిపెట్టు. పప్పులో పోపు కూడా వెయ్యకు, అందులోనూ ఆవాలే.

ఇక అసలు సంగతి, టెంక. కారం గురించి అందరూ చెబుతారు, టెంక గురించి ఎవరూ చెప్పరు. వాళ్ళ దేశాల్లో ఊరేసినవంటే దోసకాయ, క్యాబేజీ. ముక్క నోట్లో పెట్టుకుంటే మొత్తం తినేయొచ్చు. మన ముక్కకి టెంక ఉంటుందని వాళ్ళకేం తెలుసు?

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో, ఉక్కునగరంలో మా క్వార్టరుకి ఒక రష్యా ఇంజనీరూ, ఆయన భార్యా భోజనానికొచ్చారు. మీ అన్నయ్య అప్పుడు నా కడుపులో ఉన్నాడు, పురిటికి సాయమని మా అమ్మ వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు లేదు, మీ పెదనాన్న విసనకర్రతో వాళ్ళకి విసురుతూ నుంచున్నారు. ఆవిడ పూల గౌను వేసుకుంది, బొద్దుగా, చక్కటి మనిషి. ఫోర్కుతో ఆవకాయ ముక్క గుచ్చి, వాళ్ళ దోసకాయలాగే ఉంటుందనుకుందేమో, సగానికి కొరికింది. కటుక్కున వినిపించింది. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళు కూడా వచ్చున్నారేమో, అందరి కళ్ళూ ఆవిడ నోటి మీదే. పాపం, ఉమ్మలేదు, మింగలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే గ్లాసుడు నీళ్ళు తాగింది, మంట ఇంకా పెరిగింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు, రష్యన్ సరే సరి. గిన్నెడు గడ్డపెరుగులో పంచదార వేసుకొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. పుల్లటి మీగడ వాళ్ళకి అలవాటే కాబట్టి ఆవిడ గిన్నె ఖాళీ చేసింది. అప్పుడు అమ్మ తన కంచంలో ముక్క తీసుకుని, కండ చీకి, టెంకని కంచం అంచున పెట్టి చూపించింది. ఆవిడా అలాగే చేసింది. వెళ్ళేటప్పుడు సీసాలో పెట్టించుకుని మరీ వెళ్ళింది.

నువ్వూ అంతే కదే! పాలపళ్ళతో టెంకలు తెల్లగా చీకి, వరసగా పేర్చి, నావి ఎన్నో లెక్కపెట్టు పెద్దమ్మా అని ప్రాణం తీసేదానివి. ఇప్పుడు ఆఫీసులో ఎంతమందికి లెక్కలు చెబుతున్నావో.

అందుకని, మొదటిసారి ముక్క వెయ్యకు, పిండి మాత్రమే వెయ్యి. అదీ జాడీ అడుగు నుంచి కాదు, విరిగిన టెంక పలుకులు అడుగునే చేరతాయి. బాగుందంటేనే ముక్క వెయ్యి, పెద్దది చూసి, టెంక కంటికి కనిపించేలా. పక్కనే టెంకలకి చిన్న పళ్ళెం పెట్టు. పన్ను విరిగితే వాళ్ళ కంపెనీకి ఏం సమాధానం చెబుతావు?

అన్నం పొగలు కక్కుతుండాలి. పప్పు, నెయ్యి, చెంచా కొనకి వచ్చినంత పిండి. నీ కంచంలో కలిపి చూపించు, వాళ్ళ కంచంలో నువ్వు చెయ్యి పెట్టకు. మన పిల్లలకి ముద్దలు పెట్టినట్టు వాళ్ళకి పెడితే ఇబ్బంది పడతారు. నెయ్యి దగ్గర పిసినారితనం వద్దు. మిరపలో మండే పదార్థం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మంచినీళ్ళకంటే పెరుగు ముందు అందుబాటులో ఉండాలి. ముక్కుకెక్కే ఆవఘాటు గురించి బెంగలేదు, జర్మన్లు సాసేజీలకి ఆవముద్ద అద్దుకు తినేవాళ్ళే. మాటల్లో మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండమనీ, దాన్ని మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్ళనీ చెప్పు, నమ్మలేక నోరు తెరుస్తారు. చాలన్నారా, ఆపెయ్. ఇంకొంచెం, ఇంకొంచెం అని మీ నాన్నలా వెంటపడకు. వాళ్ళు తింటుంటే నువ్వూ తిను, వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోకు.

శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి మీ అన్నయ్య వస్తున్నాడు, చిన్న జాడీ పంపుతున్నాను. మూడోనాడు తిరగకలిపి ఉప్పు సరిచూశాను, నూనె పైకి తేలింది. తడి గరిటె పెట్టావంటే బూజు పడుతుంది, జాగ్రత్త. నీకోసం విడిగా వెల్లుల్లి వేసింది కూడా పెట్టాను, అది వాళ్ళకి తియ్యకు. చిక్కిపోయావని మీ అమ్మ అంటోంది, రాత్రిళ్ళు అన్నం మానేస్తున్నావా ఏం?

జాడీ మాత్రం అన్నయ్య చేత తిరిగి పంపు. అది మీ అమ్మమ్మది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ