లూకా మోద్రిచ్: శరణార్థుల హోటలునుండి స్వర్ణబంతి వరకు

1985 సెప్టెంబరు 9న జాదర్ నగరమున జన్మించి, క్రొయేషియా యుద్ధమున తాతను కోల్పోయి, శరణార్థులకు నెలవైన హోటలు ప్రాంగణముననే బంతితో చెలిమి చేసిన లూకా మోద్రిచ్, డైనమో జాగ్రెబ్ జట్టున వృత్తిక్రీడాకారుడై, బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్తార్‌కు ఎరువు ఆటగాడిగా వెళ్లి రాటుదేలి, 2008లో ఇంగ్లండులోని టాటెన్‌హామ్‌నకు, 2012లో స్పెయినులోని రియల్ మాడ్రిడ్‌నకు వలసపోయెను. కృశదేహుడని తొలుత పెదవి విరిచినవారును గలరు. కాని మధ్యరంగమున కండబలముకన్న సమయజ్ఞతయే మిన్న. మాడ్రిడ్ పక్షమున ఆరు ఛాంపియన్స్ లీగ్ విజయములు గడించెను. 2018లో క్రొయేషియాను ప్రపంచ కప్పు ఫైనలునకు చేర్చి గోల్డెన్ బాల్‌ను, ఆ యేడే, పదేండ్లుగా మెస్సీ రొనాల్డోలే పంచుకొనుచుండిన బాలన్ డోర్‌ను గైకొనెను. ఈ రెండింటిని ఒకటిగా భ్రమింపరాదు: మొదటిది ఫిఫా పురస్కారము, రెండవది ‘ఫ్రాన్స్ ఫుట్‌బాల్’ పత్రిక యొసగునది. 2025లో ఆయన ఇటలీలోని ఏసీ మిలాన్‌లో చేరెను.