సేంద్రియాహారము, ఇంటి ఖర్చు: పంచాయతి సభ్యుల కొక పాఠము

రెండు సంవత్సరముల క్రిందట ఒక గ్రామసభలో నేను సేంద్రియ వ్యవసాయమును గూర్చి ప్రసంగించుచుండగా, వెనుక వరుసలోని ఒక వార్డు సభ్యురాలు లేచి ఇట్లు ప్రశ్నించిరి: "సార్, మందు కొట్టని కూరగాయలు తినమంటున్నరు. అవి కొనాల్నంటే పిల్లగానికి పెట్టే గుడ్డు బంద్ చెయ్యాలె. ఏది బంద్ చెయ్యమంటరు?" సభలో కొందరు నవ్విరి. నాకు మాత్రము వెంటనే సమాధానము తోచలేదు. వేదిక మీది పెద్దలు ప్రసంగమును కొనసాగింపుమనగా కొనసాగించితిని. కాని ఆమె అడిగినది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. ప్రతి కుటుంబము ప్రతి సంత దినమున ఎదుర్కొను ప్రశ్న అది. దానికి నాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ పాఠములో చెప్పుటకు ప్రయత్నించుచున్నాను.

మొదట రెండు మాటలను వేరు చేసికొనవలెను. సేంద్రియమనగా రసాయనిక ఎరువులు, పురుగు మందులు వాడక పండించినది. స్థానికమనగా మన ఊరిలోనో, చుట్టుపట్ల గ్రామములలోనో పండినది. ఈ రెండును ఒకటే యని చాలమంది తలంచుచున్నారు. ఇది పొరపాటు. పత్తి చేని గట్టున మొలచిన పొన్నగంటికూర అచ్చముగ స్థానికమే. కాని ఆ చేనికి నాలుగు దినముల క్రిందట మందు కొట్టి యుండినచో, ఆ కూరకు మించిన మందు కూర వేరొకటి లేదు. కూలికి పోయిన స్త్రీలు సాయంకాలము ఒడిలో కోసికొని తెచ్చు ఆకు తరచుగా ఇట్టి గట్ల మీదిదే. ఇక పట్టణపు దుకాణములో అందమైన సంచిలో అమ్మబడు సేంద్రియపు పప్పు ఎక్కడనో దూరదేశమున పండినది కావచ్చును. దాని ధరలో ధ్రువీకరణ ఖర్చు, సంచి ఖర్చు, రవాణా ఖర్చు, దుకాణపు అద్దె అన్నియు చేరియుండును.

సంచి మీద జైవిక్ భారత్ గుర్తు ఉండుట పట్టణవాసికి అవసరమే. పండించినవాడెవడో ఆతడెరుగడు గావున, కాగితమును నమ్మవలసియున్నది. గ్రామమున నివసించువానికి ఆ కాగితముతో పని తక్కువ. ఎవరి చేనిలో ఏ మందు ఎన్నడు కొట్టినది ఊరంతయు ఎరుగును. స్వయముగా పండించి తినువారికి నేరుగా అమ్ము చిన్న రైతునకు ఈ ధ్రువపత్రము చూపవలెనను నిర్బంధము నియమములలో కూడ లేదు. కాబట్టి సేంద్రియాహారము ధనవంతుల సొత్తు అనుమాట పట్టణమున కొంత నిజమైనను, పల్లెలో నిజము కానక్కరలేదు. అయితే, అన్నియు ఒక్కసారి సేంద్రియము కావలెనని పట్టుబట్టినచో పల్లెలో కూడ నిజమగును. ఏది ముందు, ఏది తరువాత యను విషయమే ఇచట ముఖ్యము.

ఇందుకు ఒక లెక్క కట్టుదము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచికల ప్రకారము, 2000 కిలో కేలరీల శక్తి కావలసిన ఒక మనిషి దినమునకు 250 గ్రాముల ధాన్యములు, 85 గ్రాముల పప్పులు లేక గ్రుడ్లు, మాంసము, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు తీసికొనవలెను. వీటితో పాటు కొంచెము నూనెగింజలు, నూనె ఉండవలెను. కాయకష్టము చేయువారికి ధాన్యము ఇంతకంటె ఎక్కువ కావలెను. లెక్క సులభమగుటకు ఐదుగురున్న కుటుంబమునకు దీనినే తీసికొందము.

ధాన్యము నెలకు ముప్పదిఏడున్నర కిలోలు. జాతీయ ఆహార భద్రతా చట్టము (2013) క్రింద ప్రాధాన్య కుటుంబములకు తలకు నెలకు 5 కిలోల ధాన్యము లభించును. 2023 జనవరి నుండి అది ఉచితము. అనగా ఐదుగురికి 25 కిలోలు, మొత్తములో మూడింట రెండు వంతులు. తెలంగాణలో తలకు 6 కిలోలు ఇచ్చుచున్నారు. 2025 ఉగాది నుండి అవి సన్న బియ్యము. ఈ బియ్యము సేంద్రియము కాదు. ఐనను దానిని కాదని, సంపాదనలో పెద్ద భాగమును వెచ్చించి సేంద్రియపు బియ్యము కొనుమని ఏ పేద కుటుంబమునకును నేను చెప్పజాలను. చూడవలసినది మిగిలిన పండ్రెండున్నర కిలోలు. ఆ భాగమును కూడ తెల్లని బియ్యముతోనే నింపుట మనకు అలవాటైనది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది మొదలు పేదవాని కంచములో ఆకలి తగ్గినమాట నిజము. జొన్నరొట్టె, సంకటి వెనుకకు తగ్గినమాటయు నిజమే. మిగిలిన ఆ భాగమునందు జొన్నలు, రాగులు, సజ్జలు చేర్చినచో రెండు ప్రయోజనములు కలవు. మెట్ట నేలలలో ఈ పంటలు సాధారణముగ తక్కువ నీటితో, తక్కువ మందులతో పండును. పోషకము కూడ అధికము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, మరపట్టిన బియ్యములో పది మిల్లీగ్రాములు మాత్రమే ఉండును. పాలు చాలని ఇంట పసిపిల్లలకు రాగిజావ కాచిపెట్టుమని మన ముసలివారు చెప్పిన దానికి ఇదియే ఆధారము.

2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపిన తరువాత పట్టణములలో కొర్రలు, సామలు, అండుకొర్రల ధర బాగుగ పెరిగినది. పండించు రైతునకు ఇది మేలే. తినువాడు మాత్రము కొర్రలే తినవలెనని లేదు. తన నేలలో ఏది పండునో, తన సంతలో ఏది చౌకయో దానినే తినవచ్చును. జొన్న పండు ఊరిలో సామల కొరకు అప్పుచేయుట అవివేకము.

పప్పులు, గ్రుడ్లు, మాంసము కలిపి దినమునకు ఐదుగురికి 425 గ్రాములు. నెలకు దాదాపు పదమూడు కిలోలు. మన గ్రామములలో ఎక్కువ కుటుంబములకు ఎన్నడును నిండని గడి ఇదియే. నెలాఖరున సొమ్ము తక్కువైనప్పుడు మొదట తగ్గునది పప్పు, తరువాత గ్రుడ్డు. చారు నీళ్లతో అన్నము తిన్న దినములు లెక్కకు రావు గాని, పిల్లల ఎదుగుదలలోను, తల్లుల రక్తహీనతలోను అవి బయటపడును. కావున చేతిలోని రూపాయి మొదట ఈ గడికి పోవలెను. ఆ కంది సేంద్రియమా కాదా యనునది రెండవ ప్రశ్న. ఇచట కూడ చౌక మార్గము కలదు: ఉలవలు. కందులలో వలెనే నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉండును. ఉలవ మందు లేకయే, దాదాపు శ్రద్ధ లేకయే పండునట్టి పంట. దానిని ఎడ్ల దాణా యని చిన్నచూపు చూచుట తగదు.

నాటుకోడి గ్రుడ్డును గూర్చి ఒక మాట. ఇంట పెట్టిన నాటు గ్రుడ్డునమ్మి, ఆ సొమ్ముతో ఫారము గ్రుడ్లు రెండు కొని పిల్లలకు పెట్టు తల్లులను నేను చూచితిని. పట్టణపు మిత్రుడొకడు ఈ మాట విని మిక్కిలి నొచ్చుకొనెను. నాకు మాత్రము ఆ తల్లి లెక్కలో తప్పు కనబడలేదు. మాంసకృత్తుల విషయమున రెండు జాతుల గ్రుడ్లకును చెప్పదగిన భేదము లేదు; పిల్లలు ఇద్దరైనప్పుడు ఒకటి కంటె రెండు మేలు. గ్రుడ్డమ్మి ఆ సొమ్ముతో బిస్కత్తుల పొట్లము కొన్నచోట మాత్రమే మనము మాటాడవలెను.

ఇక కూరగాయలు. ఐదుగురికి దినమునకు రెండు కిలోలు, నెలకు అరువది కిలోలు. ఇన్నిటిని సేంద్రియపు ధరకు కొనుట కూలి కుటుంబమునకు సాధ్యము కాదు. ఐనను సేంద్రియ పద్ధతికి అన్నిటికంటె అనుకూలమైనదియు, అత్యవసరమైనదియు ఈ భాగమే. ధాన్యము పొట్టు తీసి, కడిగి, ఉడికించి తినునది. ఆకుకూరయో, మందు నేరుగా పడిన ఆకునే తినుట. వంగ, బెండ, మిరప మొదలగు వానికి పురుగు బెడద ఎక్కువగుటచే మందు కూడ తరచుగా కొట్టుదురు. గుమ్మడి, సొర, మునగ, కంద, చేమ మొదలగు వానికి అంతగా కొట్టరు. కాబట్టి బజారులో కొనునప్పుడు రెండవ జాతివానిని ఎక్కువగ కొనుట, మొదటి జాతివానిని వీలైనంత పెరటిలో పెంచుట తెలివైన పని.

దినమునకు ఐదుగురికి కావలసిన అర కిలో ఆకుకూరకు ఒక సెంటు స్థలము, అనగా 48 చదరపు గజములు, చాలవరకు సరిపోవును. దానిని నాలుగు మడులు చేసి, వారమునకొక మడిలో తోటకూర చల్లినచో, మొదటి మడి నెలలోపలనే కోతకు వచ్చును. ఆ పిమ్మట వారమువారము కోసికొనుచు, కోసిన మడిలో మరల చల్లవచ్చును. అంచున గోంగూర, దడి మీద బచ్చలి, చిక్కుడు, పందిరికి సొర, మూలన ఒక మునగ, ఒక కరివేపాకు. ఎరువునకు పెంట, వంటింటి చెత్త, జీవామృతము చాలును. పురుగునకు వేపగింజల కషాయము. ఆంధ్రప్రదేశములో రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున ఈ కషాయములను చేయుట నేర్చిన స్త్రీలు అనేక గ్రామములలో ఉన్నారు. వారిని పిలిచి అడుగుట, పుస్తకములు చదువుట కంటె మేలు.

పెరటి తోట ఉచితమని వ్రాయుట నావంటివారికి అలవాటు. అది పూర్తిగ నిజము కాదు. నీళ్లు మోయునది ఎవరు? దినమంతయు నాట్లు వేసి వచ్చిన స్త్రీయే బిందె మోసినచో, ఆ కూర ఖరీదు ఆమె నడుమునకు తెలియును. స్నానపు నీరును, అంట్లు కడిగిన నీరును కాలువ చేసి నేరుగా మునగకు, అరటికి మళ్లించినచో శ్రమ కొంత తగ్గును. మగవారు కాలువ త్రవ్వి, దడి కట్టియిచ్చినచో ఇంకను తగ్గును.

బజారులో కొన్న కూరను తరుగక మునుపే రెండు మూడు నీళ్లలో బాగుగ కడుగవలెను. పై నంటిన మందులో కొంత పోవును. లోనికి ఇంకినది పోదు. కావున అసలు జాగ్రత్త కడుగువారిది కాదు, కొట్టువారిది. మందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని దినములు ఆగవలెనో మందుతో వచ్చు కాగితము మీద ముద్రించి యుండును. మందు డబ్బా మీది త్రికోణము ఎరుపైనచో అది అత్యంత విషపూరితమని అర్థము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఈ నాలుగు రంగుల అర్థమును పంచాయతి కార్యాలయపు గోడ మీద వ్రాయించుటకు పెద్ద ఖర్చు కాదు.

ఇక సభ్యులు చేయదగినదేమి? వ్యవసాయము, సంతలు, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజా పంపిణీ ఇవన్నియు రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. పెద్ద పథకములు రానిండు, రాకపోనిండు. చిన్న పనులు మన చేతిలోనే యున్నవి. వారపు సంతలో నెత్తిగంపతో ఆకుకూర తెచ్చిన స్త్రీ వద్ద తైబజారు వసూలు చేయకుండ, వేలపు షరతులలోనే ఒక వాక్యము చేర్పవచ్చును. పంచాయతికి పోవు ఆదాయము స్వల్పము. ఆమెకు మిగులునది ఆ దినపు పాల ఖర్చు.

పాఠశాల మధ్యాహ్న భోజనమునకు ప్రాథమిక తరగతులలో పిల్లవానికి దినమునకు 50 గ్రాముల కూరగాయలు, 20 గ్రాముల పప్పు నిర్ణయింపబడినవి. అరువది మంది పిల్లలున్న బడికి దినమునకు మూడు కిలోల కూరగాయలు. ఇది నాలుగు పెరళ్లు సరఫరా చేయగల పరిమాణము. అయితే వంట చేయువారు బిల్లు వచ్చువరకు అరువిచ్చు దుకాణములోనే కొనుట కొన్నిచోట్ల చూచితిని. పెరటి తోటల స్త్రీలు అన్ని దినములు ఆగలేరు. మహిళా సంఘము తన పొదుపు నుండి వారికి వెంటనే చెల్లించి, బిల్లు వచ్చినప్పుడు జమ కట్టుకొను ఏర్పాటును పంచాయతి కుదుర్పవచ్చును.

ఇట్టి పనులు సాధ్యమా యని సందేహించువారు జహీరాబాదు ప్రాంతపు స్త్రీల కథను వినవలెను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు 1990ల మధ్యకాలమున బీడు భూములకు పెట్టుబడి ఇచ్చి జొన్న పండింపజేసి, బాకీని ధాన్యరూపమున తీసికొని, ఊరిలోనే నిలువచేసి, కరవు నెలలలో పేద కుటుంబములకు తక్కువ ధరకు అమ్మినవి. బియ్యపు దుకాణము పక్కన జొన్నల దుకాణము వెలసినది. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఈక్వేటర్ బహుమతి నిచ్చినది. జనగామ జిల్లాలోని ఏనెబావి అను చిన్న పల్లె రైతులందరును కలిసి మందులు, రసాయనిక ఎరువులు మానివేసిరి. అందరును కలియుటయే అక్కడి విశేషము. ఒకడు మాని, ప్రక్కవాడు కొట్టుచున్నచో గాలి వాటమునకు అంతయు వీని చేనిలోనే పడును.

ఆ వార్డు సభ్యురాలిని ఈ సంవత్సరము మరల కలిసికొంటిని. గ్రుడ్డు మానవలదని, కూరలో సగము పెరటిలో పెంచుమని, బియ్యపు లోటును జొన్నతో పూరింపుమని నా లెక్క చెప్పితిని. ఆమె అంతయు విని, "అది నేను ఎప్పుడో చేసిన సార్, మేకలు మిగలనిస్తలేవు" అనిరి. మునగ మొక్కలు పంచిన ప్రతి ఊరిలోను ఇదే ఫిర్యాదు. ఆ గ్రామ పంచాయతి ఇప్పుడు మేకలను ఉదయమే ఒక కాపరి వెంట ఊరి బయటకు తోలుటకును, ఆతని కూలికి ఇంటింటి నుండి తలా కొంత చెల్లించుటకును తీర్మానము చేసినది. మేకలు గలవారిలో ఇద్దరు ఇంకను ఒప్పుకొనలేదట. వచ్చే సభలో ఆ విషయము మరల చర్చకు రానున్నది.