గర్భిణులకు పక్షవాతము - గడ్డను కరిగించు మందు

పక్షవాతము ముసలివారి రోగమని మనవారి నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు. కడుపుతో నున్న స్త్రీ నెత్తురునకు త్వరగా గడ్డకట్టు గుణము హెచ్చును. ప్రసవమున రక్తము మిక్కిలిగా పోకుండుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఆ మేలే అరుదుగా కీడగును. మెదడునకు పోవు ధమనిలో గడ్డ చిక్కుకొన్నచో మూతి వంకరపోవును, ఒక ప్రక్క చేయి, కాలు పడిపోవును, మాట తడబడును. రక్తమందని మెదడులో నిమిషమునకు సుమారు 19 లక్షల కణములు నశించునని లెక్కగట్టిరి.

ఆ గడ్డను కరిగించు మందు ఆల్టిప్లేజ్. మన శరీరమే కొద్దిగా చేసికొను ఒక మాంసకృత్తునకు ఇది ప్రతిరూపము. 1995లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో, 3 గంటలలోపల దీనిని పొందినవారు మందు లేనివారికంటె ఎక్కువగా కోలుకొనిరి. కాని నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమయ్యెను. 2008లో ఐరోపా పరీక్ష గడువును నాలుగున్నర గంటలకు పెంచెను.

ఈ పరీక్షలలో గర్భిణులను చేర్చుకొనలేదు. గర్భాశయమున రక్తము పోవునేమో యని వైద్యులు చాలకాలము జంకిరి. ఆ భయము నిరాధారము కాదు. అయితే ఈ మందు అణువు చాల పెద్దదగుటచే మాయను దాటి శిశువును చేరదు. వ్యాధి తీవ్రమైనచో లాభనష్టములు తూచి గర్భిణికిని ఈయవచ్చునని అమెరికా వైద్యసంఘముల మార్గదర్శకములు నేడు చెప్పుచున్నవి.

ముందుగా తలకు సీ.టీ. స్కాను తీయవలయును. గుఱ్ఱపువాతమున రక్తపుపోటు పెరిగి మెదడులో నరము చిట్లియున్నచో ఈ మందు ప్రాణము తీయును. ఆ స్కానువలన బిడ్డకు తగులు కిరణములు అత్యల్పము. బాలింతలలో సిరలందు గడ్డ ఏర్పడుట మన దేశమున తరచు. దానికి సాధారణముగ హెపారిన్ ఇత్తురు. పచ్చి బాలింతకు నీరు తగ్గించు ఆచారము కొన్ని యిండ్లలో నింకను గలదు. నెత్తురు చిక్కబడుటకు అదియు తోడ్పడును.

నా చిన్నతనమున మా వీథిలో నొక నిండు చూలాలి చేయి పడిపోగా, దానికి పావురపు నెత్తురు పూసి సాయంకాలము వరకు మర్దించిరి. నాడు ఈ మందు లేదు. నేడున్నది. కాని సిరుగుప్ప ప్రక్క పల్లెనుండి బళ్లారి చేరుటకే గంటకు పైగా పట్టును. 108కు కబురు చేసిన వెంటనే గడియారము చూచి వ్రాసికొనుడు. కన్నడముననైనను తెలుగుననైనను వైద్యుడు మొదట అడుగు ప్రశ్న, "ఆమె చివరిసారి బాగుగ నున్నది ఎప్పుడు?" అనియే. రాత్రి పదింటికి బాగుగ పండుకొని, తెల్లవారి లేచునప్పటికి చేయి ఆడకున్నచో, లెక్క పదింటినుండియే మొదలగును.